ఆవగింజంత బొడిపె

గ్లౌజు వేసుకున్న ఆమె అరచెయ్యి కారు తలుపు రేకు మీద సాగుతూ సాగుతూ సగంలో ఆగింది. నా గుండె జారిపోయింది.

"తుడుపు మాస్టారూ, ఇలా రండి!"

మా కార్ల ఫ్యాక్టరీలో రేకుల్ని నొక్కి తలుపులుగా మలిచే ప్రెస్సు షాపు మాది. ఆ ప్రెస్సు అచ్చులు తుడిచి బిగించడం నా పని. ప్రెస్సులోంచి వచ్చిన తలుపుల్ని పాస్ చెయ్యడం ఆమె పని. షాపులో అందరూ ఆమెను భూతద్దం అంటారు, చాటుగా.

"ఏముందండీ అక్కడ?"

"బొడిపె. ఆవగింజంత."

"నాకు కనిపించట్లేదే!"

"రంగు పడనివ్వండి, ఊరందరికీ కనిపిస్తుంది. చేత్తో తడిమి చూడండి."

తడిమాను. ఉంది. నా కొంప ముంచడానికి అది చాలు.

వారం నుంచి ఇదే వరస. నేను అచ్చు విప్పి తుడిచి బిగిస్తాను. పాతిక తలుపులు అద్దంలా వస్తాయి. ఆ తర్వాత ఒకసారి హ్యాండిల్ దగ్గర, ఇంకోసారి కిటికీ కింద బొడిపె లేస్తుంది. శుక్రవారం లోగా ఇది ఆగకపోతే నన్ను గోడ అవతల బ్రాకెట్ల షెడ్డుకి పంపేస్తానని ఫోర్‌మన్ తేల్చి చెప్పాడు. బ్రాకెట్లు కారు లోపలెక్కడో దాక్కుంటాయి. వాటికి భూతద్దం అక్కర్లేదు.

"నా మీద మీకేం పగండీ?" అని అడిగేశాను.

"పగుంటే కళ్ళు మూసుకుని పాస్ చేసేదాన్ని. అప్పుడు తెలిసేది మీకు!"

శుక్రవారం షిఫ్టుకి అరగంట ముందే వెళ్ళాను. ఆమె అప్పటికే అక్కడుంది. ఇంకా ప్రెస్సెక్కని రేకుల కట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చుని అంచులు తుడుస్తోంది. ముక్కు మీద నూనె మరక.

"ఇది మీ పని కాదు కదండీ?"

"అరవకండి. ఇది చూడండి." చేతిలోని తెల్లగుడ్డ చూపించింది. దాని మీద సన్నటి రజను మెరుస్తోంది. "రేకులు కోసే కత్తి మొద్దుబారింది. అంచుల నుంచి రజను రాలి అచ్చులో పడుతోంది. మీరేమో వారం నుంచి చిల్లుకుండలో నీళ్ళు పోస్తున్నారు."

కత్తికి సాన పట్టించాం. ప్రతి రేకు అంచూ తుడిచాకే ప్రెస్సుకి పంపాం. మధ్యాహ్నానికి రెండు వందల తలుపులు వచ్చాయి. ఆమె చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఫోర్‌మన్ నా వీపు తట్టి, "ఇక్కడే ఉండరా" అన్నాడు.

ఎగిరి గంతెయ్యాల్సింది పోయి దిగులు పట్టుకుంది నాకు. బొడిపే లేకపోతే ఆమె నన్ను పిలిచేదెందుకు?

"ఇక మీకు నాతో పనుండదు కదండీ?" అన్నాను.

ఆమె నావైపు తేరిపార చూసింది. "మూడు రోజులుగా గంట ముందొచ్చి ఆ రేకులు తడుముతున్నాను. ఎవరి కోసమనుకున్నారు, ఫోర్‌మన్ కోసమా?"

నేను చేతిలోని తుడుపుగుడ్డని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాను.

"మిమ్మల్ని ఆ షెడ్డుకి పంపేస్తే నేను రోజూ ఎవరితో పోట్లాడాలి?"

"జీవితాంతం నాతోనే పోట్లాడండి," అన్నాను, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని.

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. మాట మాత్రం తగ్గలేదు.

"ఆదివారం మా ఇంటికి రండి. మా అమ్మ చూడాలి."

"అమ్మో! ఆవిడ నన్ను పాస్ చేస్తారంటారా?"

"చెయ్యకేం? ఆ అబ్బాయిని ఎప్పుడు తీసుకొస్తావే అని నెల రోజుల నుంచి నా ప్రాణం తీస్తోంది."