మొదటి రింగు

ఆ హోటల్లో బేస్‌మెంటు గదికి చెడ్డపేరు. పక్కనే లాండ్రీ. కరెంటు పోయి వచ్చిందంటే చాలు, దుప్పట్లు ఉతికేవాళ్లు తడి బట్టలు ఎక్కడివక్కడ వదిలేసి పైకి పరుగెత్తేవాళ్లు. గదికి తాళం వేసే ఉంటుంది... లోపల మాత్రం ఎవరో కీబోర్డు కొడుతున్న చప్పుడు!

నేను చూడలేదు. అక్కడ సర్వర్లు చూసుకునే పనిలో కొత్తగా చేరిన మా బావ చెప్పాడు. దెయ్యాలంటే నవ్వే రకం ఆయన. బల్లి మీద పడితే మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు, అది వేరే సంగతి.

హోటల్ ఫోన్లన్నీ ఆ గదిలోని సర్వర్ మీదే నడుస్తాయి. కరెంటు పోయి వస్తే సర్వర్ దానంతటది లేస్తుంది గానీ, ఫోన్ల సర్వీసు లేవదు. ఎవరో ఒకరు కిందికి వెళ్లి కమాండ్ కొట్టి లేపాలి. పాత ఇంజినీరు ఏళ్ల తరబడి అలాగే లేపాడు. లేపగానే మొదటి రింగు రిసెప్షన్‌కి ఇచ్చేవాడు, లైను వచ్చిందో లేదో చూడటానికి. "వచ్చిందా?" అనేవాడు. అక్కడి ఆపరేటరు ఆయన భార్యే. "వచ్చింది" అనేది.

"దానంతటదే లేచేలా పెట్టొచ్చుగా అంటే, యంత్రాన్ని నమ్మకూడదనేవాడు తమ్ముడూ," అందావిడ మా బావతో. "నాకు తెలీదా? ఆ వంకన నా గొంతు వినాలని."

ఆయన పోయాడు. గుండె ఆగి, ఆ బేస్‌మెంటు మెట్ల మీదే. ఆ తర్వాత కూడా...

"ఇంకా చేస్తున్నాడు," గుసగుసగా అందావిడ.

పాపం, దుఃఖంలో ఏదో అంటోందిలే అనుకున్నాడు మా బావ. ఆ సాయంత్రమే కరెంటు పోయింది. మళ్లీ వచ్చింది. ఫోన్లు లేవలేదు. కాసేపు — పెద్దవయసు మనిషి మెల్లగా మెట్లు దిగేంత సేపు — నిశ్శబ్దం. అప్పుడు ఆవిడ ముందున్న ఫోను మోగింది. ఆవిడ రిసీవర్ ఎత్తి మా బావ చెవికి ఆనించింది.

ఆయాసం... ఆపైన అలసిన గొంతు.

"వచ్చిందా?"

మా బావకి ముచ్చెమటలు పోశాయి. కిందికి పరుగెత్తాడు. తాళం వేసినట్టే ఉంది, తాళంచెవి తన జేబులోనే ఉంది. తీసి చూస్తే లోపల ఎవరూ లేరు. సర్వీసు మాత్రం నడుస్తోంది. సెట్టింగు చూశాడు. ఆటో-స్టార్ట్ లేదు. అంటే — ఎవరో వచ్చి కొడితే తప్ప అది లేవదు!

భయపడ్డవాడు పారిపోవాలి కదా? మా వాడు ఇంజినీరు. అలాంటి సెట్టింగు కనబడితే చెయ్యి ఊరుకోదు. అక్కడే ఒక్క లైను కొట్టి, సర్వర్‌తోపాటే సర్వీసూ లేచేలా పెట్టేశాడు. అప్పుడు గానీ పైకి రాలేదు.

మర్నాడు కరెంటు పోయి రాగానే హోటల్ ఫోన్లన్నీ ఒక్కసారిగా లేచాయి. మేనేజరు శభాష్ అన్నాడు. ఆవిడ ముందున్న ఫోను మాత్రం మోగలేదు. రిసీవర్ మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చుంది...

"కింద ఏమైనా ముట్టుకున్నావా, తమ్ముడూ?"

చెప్పాడు.

"అయితే ఆయనకిక దిగే పని లేదన్నమాట," అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది అంటాడు మా బావ, ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటూ.

వెంటనే వెళ్లి, పెట్టింది తీసేశాడు. ఆ తర్వాత కరెంటు పోయి వచ్చినప్పుడు గది బయట, తడి దుప్పట్ల మధ్య నిలబడ్డాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు. కీబోర్డు చప్పుడూ లేదు. దెయ్యం రావాలని దేవుడికి మొక్కుకున్న మనిషి నాకు తెలిసి మా బావ ఒక్కడే. పైన గదుల్లోవాళ్లు గొడవ మొదలుపెట్టారు, మేనేజరు కేకలేస్తున్నాడు. ఇక ఆగలేక తనే తాళం తీసి, కమాండ్ కొట్టి, రిసెప్షన్‌కి రింగిచ్చాడు.

"వచ్చిందా, అక్కా?"



"ఫోను వచ్చింది తమ్ముడూ," అందావిడ. "ఫోనే వచ్చింది."