ఆకుపచ్చ ప్యాకెట్ తిన్నవాడు

"తిన్నావా? నిజంగానే తిన్నావా?"

సర్వర్ గది గుమ్మంలో నిలబడి పెయ్‌షాన్ అడిగింది. బోషున్ నోట్లో ఉన్నది మింగి, తలూపాడు.

తైచుంగ్ నగరంలో ఏ సర్వర్ మీదైనా మొక్కజొన్న చిరుతిండి ప్యాకెట్ ఒకటి ఉండాల్సిందే, అదీ ఆకుపచ్చదే. అది ఉన్నంతకాలం యంత్రం మాట వింటుంది. దాన్ని తినడమంటే నైవేద్యం ఎంగిలి చేయడమే.

"ఇవాళే దొరికిందా నీకు?"

"గడువు తీరిపోయింది మేడమ్."

"అయితే కొత్తది తెచ్చి పెట్టాక పాతది తీస్తారు. నమిలేస్తారా?"

"చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పలేదు. ఇన్నాళ్లూ కాపలా కాసింది కదా."

పెయ్‌షాన్‌కి నవ్వొచ్చింది. నవ్వితే కోపం పలచబడుతుందని పళ్లు బిగబట్టింది.

బస్సు టికెట్లు అమ్మే వర్చువల్ మెషిన్, అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కంప్యూటర్, ఆ ప్యాకెట్ కాపలా ఉన్న పాత సర్వర్‌లోనే కాపురం ఉంటోంది. సర్వర్ ఫ్యాను మూలుగుతోంది, రేపో మాపో ఆగిపోతుంది. కాసేపు అమ్మకాలు ఆపి కొత్త సర్వర్‌కి మారుద్దామన్నాడు మేనేజర్ లియావ్. ఆపక్కర్లేదు, నడుస్తుండగానే మారుస్తానని పెయ్‌షాన్ అందరి ముందూ మాటిచ్చింది. "మార్చలేకపోతే ఈ గది తాళం ఆ కొత్త అబ్బాయికే" అన్నాడు లియావ్. ఆ కొత్త అబ్బాయి ఈ బోషునే.

ఆమె బటన్ నొక్కింది. తెర మీద ఎర్రగా ఎర్రర్. మెషిన్ కదల్లేదు.

"చూశావా? తాళం కోసమే తిన్నావు కదూ?"

బోషున్ ముఖం చిన్నబోయింది. బయటి వానలోకి వెళ్లిపోయాడు.

పోతే పోయాడనుకుని ఆమె ఎర్రర్ చదివింది. మెషిన్‌కి ఒక డిస్క్ ఫైలు తగిలించి ఉంది. అది పాత సర్వర్‌లోనే ఉంది కాబట్టి, దాన్ని వదిలించందే మెషిన్ కదలదు. కిందటి వారం ఆ ఫైలు తగిలించి, తీయడం మరిచింది తనే. ఫైలు తీసేసింది. అయినా బోసిగా ఉన్న సర్వర్‌ని చూస్తే బటన్ మీదికి చెయ్యి పోలేదు.

బోషున్ ముద్దగా తడిసి వచ్చాడు. చొక్కా లోపల్నుంచి ఆకుపచ్చ ప్యాకెట్ తీశాడు. "ఇక్కడి షాపుల్లో అన్నీ పసుపువే. స్టేషన్ దాకా పోవాల్సొచ్చింది."

"గొడుగు తీసుకెళ్లాలని తెలీదా?" అని కసిరింది. తర్వాత గొంతు తగ్గించింది. "తప్పు నాది. ఆ ఫైలు నేనే వదిలేశాను."

"తెలుసు. ఎర్రర్‌లో చూశాను."

"చూసి కూడా నోరు మూసుకున్నావా? ఇన్ని తిట్లు తిని?"

"చెబితే, తప్పు మీదే కాబట్టి తాళం నా చేతిలో పెట్టి వెళ్లిపోతారు. మీ పట్టుదల నాకు తెలుసు. మీరు లేని గది తాళం నేనేం చేసుకోను? మీరంటే నాకిష్టం."

పెయ్‌షాన్‌కి కోపం రెట్టింపైంది. మనసు చెప్పడానికి వీడికి ఇవాళే దొరికిందా? ప్యాకెట్ లాక్కుని సర్వర్ మీద పెట్టి, బటన్ నొక్కింది. తెర మీద టికెట్ల లెక్క పెరుగుతూనే ఉంది. ఒక్కటీ ఆగకుండానే మెషిన్ కొత్త సర్వర్‌కి చేరిపోయింది.

ఆమె ఆ ప్యాకెట్ తీసి కొత్త సర్వర్ మీద జాగ్రత్తగా సర్దింది.

"ఇంకోసారి దీన్ని ముట్టుకున్నావో, చెప్తా నీ పని."

"మళ్లీ గడువు తీరితే?"

"అప్పుడు ఇద్దరం కలిసి తిందాం" అంది పెయ్‌షాన్, ఇంకా కోపంగానే.