పాట దొంగకు మూడేండ్లా?

"నా పాట ఎవ్వలనడిగి ఎక్కిస్తున్నవ్?"

హుస్నాబాద్ బస్టాండు ఎదుట సెల్ షాపులో, ఎవరి ట్రాక్టర్లో వినడానికో పెన్‌డ్రైవ్‌లోకి పాటలు మోగిస్తూ ఎక్కిస్తున్న ఓంప్రకాశ్ తలెత్తాడు. వానకు తడిసి, కోపంతో ఎర్రబడిన అమ్మాయి.

"డౌన్‌లోడ్ చేసి ఎక్కిస్తున్న మేడం. గా కష్టానికే పైసలు."

"దొంగతనం గూడ కష్టమేనా?"

"నీ గొంతు ఊరూరికి పోతుంది. జర ఖుష్ కావాలె గదా!" నవ్వాడతను.

ఆ నవ్వుకు నవ్యశ్రీ ఒళ్లు మండింది. బస్సెక్కగానే, ఆమె పాటను రికార్డు చేసి తన యూట్యూబ్ చానల్లో పెట్టిన రాంచందర్‌కు ఫోన్ చేసి చెప్పేసింది.

మర్నాడు కాలేజీ బస్సు కోసం నిలబడితే, షాపులోంచి తల వంచి పలకరించాడతను. ఆమె మొహం తిప్పుకుంది. ఆ మర్నాడు తిప్పుకోలేదు.

నాలుగోరోజు షాపు మూసి ఉంది. అప్పుడే రాంచందర్ ఫోన్.

"పిలగాణ్ని పోలీస్ స్టేషన్ల కూసోవెట్టిండ్రు బిడ్డా. నీతోని పాడిచ్చినప్పుడు శాలువ కప్పినం గని పాట నాకిచ్చినట్టు కాయితం రాసుకోలే. నువ్వొచ్చి సంతకం పెడితేనే కేసు నిలుస్తది."

"ఏమైతది సార్ ఆయనకు?"

"ఆర్నెల్ల నుంచి మూడేండ్ల దాక జైలు. జుర్మానా పైసలు అలగ్‌గ కట్టాలె."

నవ్యశ్రీ బస్సు వదిలేసి స్టేషన్‌కు నడిచింది. అతనికి నాలుగు తిట్లు పడాలనుకుంది గానీ, మూడేళ్లు!

స్టేషన్ బెంచీ మీద ఓంప్రకాశ్ మొహంలో రక్తం లేదు.

"తప్పని తెల్వదా?" గొణిగిందామె.

"తప్పని తెల్సు. గింత తప్పని తెల్వదు."

ఎస్సై అతని కంప్యూటర్లో దొరికిన పాటల జాబితా చదువుతున్నాడు. "నవ్యశ్రీ పాడింది... గిదేనా నీ పాట?"

ఆమె ఉలిక్కిపడింది. చానల్లో ఆ పాట కింద రాంచందర్ పేరుంది, డ్రోన్ తిప్పినవాడి పేరుంది. ఆమె పేరే లేదు. ఓంప్రకాశ్ వైపు తిరిగింది.

"నా పేరెట్ల తెల్సింది?"

"మీ వాడకట్టు జనాన్ని అడిగి పాటకు పెట్టిన. గొంతుకు పేరు లేకుంటె మంచిగనిపియ్యలే."

పక్కనే కూచున్న రాంచందర్ ఫిర్యాదు కాగితం, పెన్ను అందించాడు. "పెట్టు బిడ్డా. లేకుంటె ఇగ నీతోని ఇంకో పాట పాడియ్య."

పెన్ను మొన కాగితం మీద ఆనింది. ఒక చుక్క పడింది.

"సార్, ఈ పాట మా అమ్మమ్మ బాలవ్వది. పత్తి చేన్ల ఎవ్వల నోట్లకెళ్లి తెచ్చుకుందో! ఆమెకు ఎన్నేండ్లు జైలు పడ్తది?"

ఎస్సై మీసం కింద నవ్వు దాచుకున్నాడు. "చట్టం గట్లనే ఉందమ్మా."

"ఈయన తప్పు చేసిండు. పాటలన్ని తుడిపియ్యుండ్రి, మల్ల ఎక్కియ్యనని రాపియ్యుండ్రి. గని మూడేండ్లా? నాతోని గాదు."

పెన్ను బల్ల మీద పెట్టేసింది. రాంచందర్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఎస్సై హామీ రాయించుకుని ఓంప్రకాశ్‌ను వదిలేశాక, బయట చినుకులు. స్టేషన్ రేకుల కింద ఇద్దరూ ఆగారు.

"నా కోసం పాటలు పోగొట్టుకున్నవ్," అన్నాడతను. "గంత ఎందుకు చేసినవ్?"

"మూడేండ్లు అనంగనే..." ఆమె వానను చూస్తూ అంది, "రోజూ బస్సు కోసం నిలబడ్తె, నువ్వుండవు గదా అనిపిచ్చింది."

ఓంప్రకాశ్ ఆమె వైపు తిరిగాడు. "రేపొస్తవా షాపుకు?"

"వస్త. పాటలన్ని తుడిచినవో లేదో చూడొద్దా?"