దీపాలి ఎత్తు బెల్లం

కోడలు లత కన్నబిడ్డ కడుపు మాడుస్తోంది. పర్శరాములుకు అందులో అనుమానం లేదు.

ఆ పొద్దున కూడా పళ్లెంలో జొన్నరొట్టె, కీరా ముక్కలు. ఎనిమిదేళ్ల దీపాలి తల వంచుకుని నములుతోంది. గైబీ నగర్ గల్లీలో మరమగ్గాల సాంచాలు అప్పటికే మోగుతున్నాయి.

"ఏందమ్మా ఇది? నెయ్యి ఎటు పోయింది?"

"స్కూలుకచ్చిన డాక్టర్ చెప్పిండు మామా. బరువు శానా ఎక్కువుందట. ఒక్క మనదే కాదు, క్లాసుల గసొంటోళ్లు ఏటేటా పెరుగుతున్నరట."

"నా కొడుకు సంపత్ చదివేటప్పుడు బడికి కాంటా తెచ్చి బక్కపోరగాళ్లు ఎవలని చూసేటోళ్లు. ఇప్పుడు బొద్దుగుంటే రోగమా?"

"మరి రోజు సాయంత్రం వడాపావ్ ఎవలు పెడుతున్నరు?"

"నేనే. బొక్కలు తేలి సచ్చిన పిల్లను చేతుల మీద మోసినోన్ని. నాకు చెప్పకు."

ఆ పిల్ల అతని తొలిచూలు బిడ్డ. ఆమె పోయాకే భార్య ఓదెమ్మ సమ్మక్కకు మొక్కింది, ఇంట్లో బతికిన ప్రతి పిల్ల ఎత్తు బెల్లం మేడారంలో ఇస్తానని. ఓదెమ్మ కూడా పోయింది. మొక్కు అతని నెత్తిన మిగిలింది.

మధ్యాహ్నం ఆ మొక్కు కోసమే సాంచాల షెడ్డులో నూలు తూచే పెద్ద తక్కెడలో దీపాలిని కూర్చోబెట్టారు. సంపత్ రెండో పళ్లెంలో బెల్లం ముద్దలు వేస్తూనే ఉన్నాడు. పిల్ల పళ్లెం నేల విడవలేదు.

"పర్శన్నా, ఈసారి సమ్మక్కకు షుగరస్తది!" అన్నాడు పక్క సాంచాల యాదయ్య. అందరూ నవ్వారు.

పర్శరాములు మీసం దువ్వాడు. "ఇంకో ముద్ద వెయ్యిరా సంపత్!"

దీపాలి దూకి దిగింది. వెక్కుతోంది.

"స్కూల్ల అందరు లావుదాన్నని మోటీ అంటరు తాతా. నాకు వడాపావ్ నకో. అద్దంటే నువ్వు సచ్చిపోయిన అత్తను యాది చేసుకొని ఏడుస్తవ్. గందుకే తింటున్న."

సంపత్ చేతిలోని బెల్లం ముద్ద కింద పెట్టాడు. సాంచాలు మోగుతూనే ఉన్నాయి.

సాయంత్రం అతను వడాపావ్ బండి దగ్గర ఆగకుండా ఇంటికి వచ్చాడు. మనవరాలి పక్కన కూర్చుని ఆమె పళ్లెంలోని కీరా ముక్క తీసి నమిలాడు. కళ్లు తుడుచుకోలేదు.

"మామా, పొద్దుగాల నేను గట్ల..." అనబోయింది లత.

"రేపటి సంది నాకూ గదే రొట్టె చెయ్యి. వడాపావ్ ముచ్చట, ఆ సచ్చిన పిల్ల ముచ్చట ఈ ఇంట్ల మళ్ల ఎత్తద్దు. నేను చెప్ప. మీరు అడగద్దు."