దొరసాని అప్పగింత

మా ఆయన ఉద్యోగం ఫిరంగిని తుడవడం. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ వాళ్ల దళంలో అది గొప్ప కొలువు. మిగతా సైన్యానికి జెండాలుంటాయి, ఫిరంగి దళానికి ఫిరంగే జెండా. అది శత్రువు చేతికి చిక్కితే పరువు పోయినట్టే. పూర్వం ఏదో యుద్ధంలో అందరూ వెనక్కి తగ్గుతుంటే ఒక సిపాయి మాత్రం దాన్ని కౌగిలించుకుని అలాగే ప్రాణం విడిచాడట. అప్పటినుంచీ దళం పాత హాల్లో దాన్ని నిలబెట్టి, ఒక కాపలాదారుణ్ణి పెట్టారు. అతను దిగిపోయే రోజున తర్వాతివాడు వచ్చి గొట్టం మీద అరచెయ్యి ఆనించాలి. "చూసుకుంటావా?" అని పాతవాడు అడగాలి. "చూసుకుంటాను" అని కొత్తవాడు అనాలి. అప్పుడే పాతవాడికి విడుదల.

ఆ చనిపోయిన సిపాయికి పెళ్లాం ఉండేదా అని ఒకసారి అడిగాను. దళం చరిత్రలో ఆ మాట లేదన్నాడు మా ఆయన. ఉండదు మరి. ఫిరంగికి మాత్రం దొరసాని అని ముద్దుపేరు.

దళం చిహ్నం కుట్టేది నేనే. ఎర్ర మఖ్మల్ మీద చక్రం, పైన గొట్టం, దాని నోట మంట, కింద పట్టీలో 'వదలం' అన్న ఒక్క మాట. నా సవతి బొమ్మకు జరీదారంతో నేనే సింగారం చేసేదాన్ని. పరాయి ఆడవాళ్ల వంక చూడని మొగుడు దొరికాడని పక్కింటావిడ నన్ను మెచ్చుకునేది. నిజమే, చూడడానికి ఆయనకు తీరికేదీ?

ఆయన రిటైరైన రోజు సాయంత్రం, ఇంటికి తీసుకొద్దామని హాలుకి వెళ్లాను. బయట వాన. లోపల నూనె వాసన, తడిసిన గోడల వాసన. ఆయన గొట్టానికి చెంప ఆనించి గుసగుసలాడుతున్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో కొన్నాళ్లు అది నాదే.

పదండి అన్నాను. రాలేనన్నాడు. ఆ ఉద్యోగాన్నే ఎత్తేశారట. తలుపుకి తాళం వేస్తే చాలన్నాడట పెద్ద అధికారి. ఇక తర్వాతివాడు లేడు.

"ఎవరికీ అప్పగించకుండా ఎలా రాను? పాపం, ఒంటరిదైపోతుంది."

"ఇన్నేళ్లూ నేను ఇంట్లో ఒంటరిగానే ఉన్నాను. నన్నెవరికి అప్పగించారు?"

ఆయన గుడ్డ తీసి మళ్లీ గొట్టం తుడవబోయాడు. అప్పుడే కరెంటు పోయింది.

చీకటి. వాన చప్పుడు ఆగింది... లేదా ఇంకేదో దాన్ని మింగేసింది. చక్రం కిర్రుమంది. నూనె వాసన పోయి కాలిన తుపాకిమందు వాసన గుప్పుమంది. తరాలుగా పేలని ఫిరంగి అది... "ఏవండీ" అన్నాను. పలకలేదు. తడుముకుంటూ చెయ్యి చాపాను. అరచెయ్యి గొట్టానికి తగిలింది.

ఇనుము చల్లగా ఉండాలి. అది జ్వరమొచ్చిన ఒళ్లులా కాలిపోతోంది. లోపల ఏదో... మెల్లగా... ఊపిరి తీస్తోంది.

చెవి పక్కనే గుసగుస. మా ఆయన గొంతే.

"చూసుకుంటావా?"

భయం వేసింది. భయం కంటే ముందు ఒళ్లు మండింది. ఇంత చీకట్లోనూ దీని బెంగేనా ఈ మనిషికి? ఏదో ఒకటి అనేసి ఈయన్ని లాక్కుపోతే చాలనుకున్నాను.

"చూసుకుంటాను. ఇక మా ఆయన్ని వదులు, దొరసానీ."

కరెంటు వచ్చింది. మా ఆయన హాలు అవతలి చివర, మెయిన్ స్విచ్ దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరితో మాట్లాడుతున్నావని అడిగాడు.

దారి పొడుగునా ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. వేడివేడిగా భోంచేశాడు. నా మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగాడు. గెలిచానని లోలోపల పొంగిపోయాను. కానీ ఎంత కడిగినా చేతులకు ఆ మందు వాసన వదల్లేదు. ఆ చేతులతో ఆయన పక్కన పడుకోబుద్ధి కాలేదు. ముందుగదిలో కుర్చీలోనే తెల్లారేదాకా కునికాను.

పొద్దున్నే టీ తీసుకుని వెళ్తే ఆయన పడుకునే నవ్వాడు. అంత తృప్తి ఆ మొహంలో నా వల్ల ఏనాడూ కలగలేదు.

"ఎన్నాళ్లయింది... రాత్రంతా నన్ను కరుచుకుని పడుకున్నావు," అన్నాడు. "ఎంత బరువెక్కావే నువ్వు."

ఆయన పక్కన, నేను పడుకునే చోట, పరుపు నిలువునా గుంటపడి ఉంది.

నేను చూస్తుండగానే... అది ఇంకాస్త కిందికి దిగింది.