ఆరున్నరకు హాజరు

"పొద్దుగాల ఆరున్నరకు తలుపు కొట్టి, బతికున్నవా అని అడుగుతరా ఎవరన్నా?"

పద్నాలుగో నంబరు ఇంటి తలుపు సగమే తెరిచి అడిగింది ఉమారాణి. ఆ కాలనీకి వచ్చి అప్పటికి ఒక్కరోజు.

జాకబ్ సారు నొసలు ముడిచాడు. పదిహేడేళ్లు మిలిటరీలో, ఆ తర్వాత ఇరవైమూడేళ్లు లెక్కల టీచరుగా బతికిన మనిషికి ఎదురు ప్రశ్నలు అలవాటు లేవు.

"బతికున్నవా అనలే మేడం. పేరు పిలిచిన. 'ఉన్న' అంటే చాలు, పోత."

"ఉన్న కాబట్టే కొట్లాడుతున్న." తలుపు మూసేసింది.

అదీ నిజమే అనుకుని, రిజిస్టర్లో ఆమె పేరూ ఇంటి నంబరూ రాసి టిక్కు పెట్టుకున్నాడు.

ఇబ్రహీంపట్నం దాటాక రోడ్డు పక్కనే రిటైరైనవాళ్ల కోసం కట్టిన ఇరవైరెండు చిన్న ఇళ్లవి. రెండేళ్ల కిందట తొమ్మిదో నంబరు ఇస్తారి పొద్దున్నే చనిపోతే, మధ్యాహ్నం భోజనాలప్పటి దాకా ఎవరికీ తెలియలేదు. ఆ మర్నాటి నుంచే జాకబ్ ఈ హాజరు మొదలుపెట్టాడు. ఎవరూ చెయ్యమనలేదు. దాంతోపాటు ఒకరి బీపీ గోళీలు, ఇంకొకరి పెన్షన్ కాగితాలు ఆయన నెత్తినే పడ్డాయి. డెబ్బై ఏళ్ల మోకాళ్లకు తన మూడో నంబరు ఇంటి నాలుగు మెట్లు దిగడమే పెద్ద డ్యూటీ అయింది.

ఉమారాణి ముప్పై ఏళ్లు బస్సు కండక్టరు. భర్త పోయి పన్నెండేళ్లు. ఆఖరి సీటు దాకా వినపడే గొంతు. రెండోరోజు "ఉన్న, జర ముందుకు జరుగుండ్రి" అంది. మూడోరోజు "లేను" అంది. ఏం రాయాలో తెలియక ఆయన అలాగే నిలబడ్డాడు. ఆమె నవ్వాపుకోలేక లోపలికెళ్లి రెండు గ్లాసుల చాయ్ తెచ్చింది.

నెల తిరిగేసరికి చాయ్ రోజువారీ అయింది. పద్నాలుగో నంబరు దగ్గరకొచ్చేసరికి ఆయన నడక నెమ్మదించేది. నెపం మోకాళ్ల మీద వేసేవాడు. కొత్తగా వేసుకొస్తున్న ఇస్త్రీ చొక్కా నెపం మాత్రం దేని మీద వెయ్యాలో తెలియలేదు.

ఒక వానపొద్దున చాయ్ తాగుతూ అన్నాడు. "అలసిపోయిన మేడం. ఒకటో తారీఖు నుంచి ఇది బందు వెడ్త."

ఆమె రిజిస్టరు అందుకుని పేజీలు తిప్పింది. "ఇందుల మీ పేరేది?"

"పిలిచేటోనికి పేరెందుకు? బడిల పంతులు పేరు పిల్లల రిజిస్టర్ల ఉంటదా?"

"నేనైతే బస్సుల మందిని లెక్కవెట్టినప్పుడు డ్రైవర్ను గూడ కలుపుకుంటుంటి." రిజిస్టరు మూసి ఆయన చేతికిచ్చిందామె.

మర్నాడు జాకబ్ లేవలేకపోయాడు. జ్వరం. ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. ఆరున్నరయింది. ఎవరూ రాలేదు. ఇంకో ఇంటి దగ్గర ఆగాడేమోనని అందరూ అనుకుని ఉంటారు. తన పుస్తకంలో తానే లేడన్న సంగతి అప్పుడు తగిలిందాయనకు. ఇస్తారి కూడా ఇలాగే తలుపు వైపు చూశాడేమో. సరిహద్దులో పడని భయం ఆ మంచం మీద పడ్డాడు.

"జాకబ్."

సారు అనలేదు. తొమ్మిదేళ్ల కింద భార్య పోయాక ఆ పేరును ఒట్టిగా ఎవరూ పిలవలేదు.

"జాకబ్, ఉన్నరా?"

"ఉన్న." అనేసరికి కళ్లు తడిశాయి.

గడియ వెయ్యని తలుపు తోసుకుని ఉమారాణి లోపలికొచ్చింది. "చాయ్ సల్లగైంది. ఇంత ఆలస్యం మీరెన్నడు చెయ్యలే." నుదురు పట్టుకు చూసి, గోళీ మింగించి, బల్ల మీది రిజిస్టరు తీసుకుంది.

"ఇగ మందిని నేను పిలుస్త. మీరు పండుకోండ్రి."

"మరి నా డ్యూటీ?"

"రోజు నాకు 'ఉన్న' అనుండ్రి. గంతే చాలు." ఆఖరి వరుసలో ఆయన పేరు రాసి, పెన్ను ఆపింది. తల ఎత్తకుండానే అడిగింది. "ఇంటి నంబరు ఏం రాయాలె? మూడా, పద్నాలుగా?"

జాకబ్ ఒత్తిగిలి ఆమె వైపు తిరిగాడు. బదులు ఏమిటో ఆయనకు తెలుసు.

"పద్నాలుగుకు మెట్లు లేవు గద?"

"లేవు."

"అయితే అదే రాయి, ఉమా."