చేదు తీసేసిన సీసా

డ్రింకులకు రుచి కుదిర్చే ఫ్లేవర్ కెమిస్ట్ ఫోన్‌లో రెండో వాక్యం పూర్తిచేయలేకపోయాడు.

“మా డ్రింకులో ఒక లాట్ సరుకు కల్తీ అయింది,” అన్నది మొదటి వాక్యం. “అది ఏ లాట్ అంటే...” అన్నది రెండోది. సైలెన్సర్ బిగించిన పిస్తోలు ఎవరో దగ్గినంత చప్పుడు చేసింది. తెల్లకోటు మనిషి టేస్టింగ్ టేబుల్ మీదికి ఒరిగిపోయాడు. కొరియర్ యూనిఫాంలో ఉన్న హంతకుడు వేలాడుతున్న రిసీవర్‌ని మర్యాదగా దాని స్థానంలో పెట్టి, కిందపడ్డ సీసాను చెత్తబుట్టలో వేసి మరీ వెళ్లాడు. ప్రాణాలు తీసేవాళ్లకు కూడా ఈ రోజుల్లో పరిశుభ్రత పట్టింపు.

ఆ ఫోన్ అందుకున్నది గూఢచారి శాఖ. శాఖ ఆఫీసు ఒక డ్రైక్లీనింగ్ షాపు పైఅంతస్తులో ఉంది. గదిలో ఎప్పుడూ ఇస్త్రీ ఆవిరి వాసన. అక్కడి అధిపతిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన ఎదురుగా కూర్చున్న ఏజెంటును చిటపట అంటారు. కోపం ముక్కు మీద ఉండే మనిషి. పదకొండు దేశాల్లో మారువేషాలు వేశాడు గానీ, ఏ వేషంలోనూ నవ్వలేదు.

“నిలకడ అనే డ్రింకు తాగావా?” అడిగాడు పెద్దాయన.

“తాగే రకంలా కనబడుతున్నానా సార్?”

“అరచేతిలో ఇమిడే సీసా. ఏవో వేర్లు, పుట్టగొడుగులు, అల్లం, మిరియాలు. తాగితే ఏకాగ్రత వస్తుందట. మార్కెట్లోకి వదిలే ముందు ఆఫీసులకి ట్రయల్ అని ఉచితంగా పెట్టెలు పంచుతున్నారు. ఇవాళ పొద్దున దాని కెమిస్ట్‌ని కాల్చేశారు.”

“అయితే పోలీసుల పని.”

“విను. నదీజలాల ఒప్పందం మీద సంతకాలకి పొరుగుదేశం బృందం ఇవాళ మధ్యాహ్నం విమానంలో దిగుతోంది. ఆ ఒప్పందం చెడగొట్టడానికి ఒక విదేశీ ముఠా సుపారీ తీసుకుంది. కల్తీ చేసింది వాళ్లే. ఆ లాట్ ఎక్కడికి వెళ్లిందో తెలియదు.”

“అన్ని పెట్టెలూ ఆపేయండి.”

“రుజువు లేకుండా ఆపితే ముఠా జారిపోయి ఇంకో దారి వెతుక్కుంటుంది. పైగా ఆ సీసా పట్టుకుని ఫొటో దిగని మంత్రి లేడు. ముందు మన కుర్చీలు ఎగిరిపోతాయి.” పెద్దాయన సొరుగులోంచి ఒక ఉంగరం తీశాడు. “సీసాలో ముంచు. మత్తుమందు ఉంటే రాయి ఎర్రబడుతుంది.”

“మన ల్యాబ్ చేసిందా?”

“అవును.”

“అయితే ఇక దేవుడే దిక్కు.”

పెద్దాయన ఆ మాట వినిపించుకోలేదు. “కంపెనీలో మనకి సమాచారం ఇచ్చే మనిషి ఉంది. ట్రెండ్స్ విభాగం హెడ్. ‘చక్కెర తగ్గించారా’ అని అడుగు. ‘తగ్గించలేదు, దాచాం’ అంటే ఆవిడే.”

గంట తిరక్కుండా చిటపట పెట్టుడు మీసం, బిగుతు టై, సేల్స్ సూపర్‌వైజర్ బ్యాడ్జితో కంపెనీ మీటింగ్ హాల్లో వెనక వరసలో కూర్చున్నాడు. ట్రెండ్స్ హెడ్‌ని ఆఫీసులో వెనకాల ట్రెండ్ రాణి అంటారు. ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె నడిచి వస్తుంటే హాల్లోకి సెంటు వాసన ముందు వచ్చి, ఆ తర్వాత హీల్స్ చప్పుడు వచ్చి, చివరికి ఆమె వచ్చింది. అందగత్తె. ఆ సంగతి తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

“వినియోగదారుడికి దాహం లేదు,” అంది తెర ముందు నిలబడి. “భయం ఉంది. నిద్ర పట్టదని భయం. పొట్ట పాడవుతుందని భయం. పక్కవాడు తనకంటే చురుగ్గా ఉన్నాడని భయం. మనం అమ్మేది నీళ్లు కాదు, ఆ భయానికి మూత. మద్యం మానేస్తున్న కుర్రకారుకి పార్టీలో చేత్తో పట్టుకోవడానికి ఏదో ఒక సీసా కావాలి. చక్కెర అని కనబడితే పారిపోతారు. పెద్ద సీసా కొనరు. గుక్కలో అయిపోవాలి, గుక్కలోనే పనిచేస్తున్నట్టు అనిపించాలి. రేపటి మార్కెట్ అంతా ఇదే.”

ముందు వరసలో ఒక సేల్స్‌మన్ బిక్కుబిక్కుమంటూ లేచాడు. “మేడమ్, చేదు భరించలేకపోతున్నామని అందరూ తిడుతున్నారు. కాస్త తగ్గిస్తే...”

“కూర్చో. తియ్యగా ఉంటే జ్యూస్ అంటారు. చేదుగా ఉంటే మందు అంటారు. జ్యూస్ దగ్గర బేరమాడతారు, మందు దగ్గర ఆడరు. గొంతు మండితేనే పనిచేస్తోందని నమ్ముతారు. చేదు లేని సీసా ఈ ఫ్యాక్టరీ గేటు దాటదు. దాటితే నీ ఉద్యోగం కూడా దాటుతుంది.”

సేల్స్‌మన్ కూలబడ్డాడు. అందరి ముందూ నిలకడ సీసాలున్నాయి. ఆమె ముందు మాత్రం మంచినీళ్ల గ్లాసు ఉంది. తాను వండింది తాను తినని వంటమనిషిని చిటపట జీవితంలో నమ్మలేదు. కానీ నమ్మమని శాఖ ఆర్డరు.

కారిడార్‌లో ఆమెను ఆపాడు. “చక్కెర తగ్గించారా?”

“తగ్గించలేదు, దాచాం.” ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. “ఆ మీసం ఎవరు అంటించారు? ఒక పక్క ఊడొస్తోంది.”

“పని చూడండి. ఏ లాట్?”

“హోటల్‌కి వెళ్లిన లాట్. బృందానికి స్వాగతం చెప్తూ తాగిస్తారు. సంతకం పెట్టాల్సిన చేతులు నిద్రపోతాయి.”

“విమానాశ్రయం కంట్రోల్ టవర్‌కి కూడా మీ పెట్టెలు వెళ్తున్నాయి.”

ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి. “మీకెవరు చెప్పారు?”

చెప్పింది అతని అక్క. టవర్‌లో సీనియర్ కంట్రోలర్. అతని కంటే పన్నెండేళ్లు పెద్దది, అతనికి తల్లిలాంటిది. లోకంలో అతను భయపడే ఒకే ఒక్క మనిషి. ఉచితంగా వస్తున్న ఆ డ్రింకు చేదును రెండు వారాలుగా ఫోన్ చేసినప్పుడల్లా తిట్టిపోస్తోంది. తమ్ముడు ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా అని ఆమెకు చెప్పి చాలా ఏళ్లయింది. ఆ అబద్ధం తల్చుకున్నప్పుడల్లా అతనికి సిగ్గేస్తుంది. ఆ సంగతులేవీ ఇక్కడ చెప్పేవి కావు.

“టవర్ లాట్ నేనే చెక్ చేశాను,” అంది ట్రెండ్ రాణి. “మీకు పని రాకపోతే పోనీ, నమ్మడమైనా నేర్చుకోండి.”

హోటల్లో వంటింటి పక్క సామాన్ల గదిలో పెట్టెలు పేర్చి ఉన్నాయి. చిటపట ఒక సీసా మూత తీసి ఉంగరం ముంచాడు. రాయి నెత్తురులా ఎర్రబడింది. పెద్దాయనకు కబురు వెళ్లింది. శాఖ బలగమంతా హోటల్ మీద వాలింది. గార్డులు పెట్టెలను ఒక్కొక్కటే మోసుకుంటూ వెనక పెరట్లోని వ్యానులోకి చేర్చడం మొదలుపెట్టారు. “శభాష్,” అన్నాడు పెద్దాయన ఫోన్‌లో. ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. వెంట వచ్చిన ట్రెండ్ రాణి తలుపుకి ఆనుకుని గోళ్లు చూసుకుంటోంది.

అప్పుడే చిటపట ఫోన్ మళ్లీ మోగింది. టవర్ విశ్రాంతి గది నంబరు.

“ఒరేయ్, సాయంత్రం మీ బావ కళ్లజోడు షాపులోంచి తెచ్చి ఇంట్లో ఇచ్చెయ్. నాకు ఇప్పుడే డ్యూటీ మొదలు,” అంది అక్క. “అన్నట్టు, ఆ దిక్కుమాలిన డ్రింకు ఇవాళ బాగుందిరా. చేదు తీసేశారు. మా వాళ్లు రెండేసి తాగి పైకెళ్లారు.”

“పెట్టెయ్యకు అక్కా, ఒక్క నిమిషం,” అన్నాడు చిటపట.

చేతిలో ఉన్న సీసా ఎత్తి ఒక గుక్క తాగాడు. చేదు నాలుకను పట్టేసింది. అల్లం, మిరియాల ఘాటుకి గొంతు భగ్గుమంది. అంటే ఇది కంపెనీ ఎప్పుడూ చేసే సరుకే. ఉంగరం తుడిచాడు, రాయి తెల్లబడింది. వంటవాడు వదిలేసిన టీ కప్పులో ముంచాడు. మళ్లీ ఎర్రబడింది. ల్యాబ్ వాళ్లను మనసులో బండబూతులు తిట్టుకున్నాడు.

మత్తుమందుకు దాని చేదు దానికి ఉంటుంది. విషం కలిపేవాడు మొట్టమొదట దాచేది రుచినే. ముఠా కెమిస్టు మందు చేదును దాచబోయి, డ్రింకు చేదును కూడా తుడిచిపెట్టేశాడు. ఈ జనం ఆ చేదు కోసమే కొంటారని వాడికి తెలియదు. తెలిసిన ట్రెండ్ రాణి ఆ సీసా రుచి చూసి ఉంటే ఆ పొరపాటు అక్కడే పట్టుకునేది. ఆమె ఏనాడూ చూడదు.

అతను తలెత్తాడు. ట్రెండ్ రాణి చేతిలో చిన్న పిస్తోలు ఉంది. గార్డుల అడుగులు పెరట్లో దూరంగా వినబడుతున్నాయి.

“ఫోన్ పెట్టెయ్,” అంది.

“అక్కా, నువ్వెంత తాగావు?” అన్నాడు ఫోన్‌లోకి.

“సగం. ఏం?”

“మిగతాది పారబొయ్యి. అందులో మత్తుమందు ఉంది. తాగినవాళ్లు ఎవరూ మైకు దగ్గర ఉండకూడదు.”

“పెట్టెయ్ అన్నాను,” అంది ట్రెండ్ రాణి. పిస్తోలు రెండడుగులు దగ్గరికొచ్చింది.

“నీకెలా తెలుసురా?” అక్క గొంతు అప్పటికే కొంచెం మందంగా ఉంది. “నువ్వు ఇన్సూరెన్స్ గుమాస్తావి కదా?”

“కాదక్కా. ఇన్నేళ్లూ నీకు అబద్ధం చెప్పాను. నేను గూఢచారిని. తిట్టాలనుంటే తర్వాత తిట్టు. ఇప్పుడు మాత్రం నన్ను నమ్ము.”

అక్క నమ్మకపోతే విమానంలో ఉన్నవాళ్లందరూ పోతారు. ఆమె తన చేతులతో తానే వాళ్లను చంపుకున్నట్టవుతుంది. ఆ తర్వాత ఆమె బతికున్నా బతికినట్టు కాదు.

“అది అబద్ధమని నాకెప్పుడో తెలుసు,” అంది అక్క. “ఇన్సూరెన్స్ వాడు చుట్టాల్లో ఒక్కడికైనా పాలసీ అంటగట్టకుండా ఉంటాడా?”

రిసీవర్ బల్లకు కొట్టుకున్న చప్పుడు. అడుగుల చప్పుడు. టవర్ రేడియో మాటలు ఆ గదిలోని స్పీకర్లో వస్తుంటాయి. అవి ఫోన్‌లోంచి సన్నగా వినబడ్డాయి. ఒక కంట్రోలర్ జోగుతూ మాట్లాడుతున్నాడు. బృందం విమానానికి దిగమని అనుమతి ఇచ్చాడు. అదే నోటితో, అదే రన్‌వే మీదికి రమ్మని ఒక సరుకు విమానానికీ చెప్పాడు.

“విన్నావుగా,” అంది ట్రెండ్ రాణి. “పాపం, అలసిపోయిన ఉద్యోగి చేసిన పొరపాటు. రేపు పేపర్లన్నీ అదే రాస్తాయి. ఇక పెట్టెయ్.”

“మీ డ్రింకు మీరెప్పుడైనా తాగారా?”

“నాకేం ఖర్మ?”

చిటపట చేతిలోని సీసా విసురుగా ఆమె మొహం మీద చిమ్మాడు. పిస్తోలు పేలి పైకప్పులోని బల్బు పగిలింది. వినియోగదారుడు నమ్ముతాడని ఆమె పట్టుబట్టి పోయించిన మిరియాల ఘాటు రెండు కళ్లలోనూ పడింది. తన సరుకు రుచి ఆమె మొదటిసారి చూసింది. అతను పిస్తోలు లాక్కుని, ఆమె చేతులు విరిచి పట్టుకుని, ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టాడు.

స్పీకర్లో విమానం పైలట్ రన్‌వే కనబడుతోందంటున్నాడు. దూరంగా మెట్ల మీద అక్క కేక వినబడింది. “ఎక్కడికి పోతున్నారు? పాత షిఫ్టు మొత్తం వెనక్కి నడవండి. ఇంటికి తర్వాత పోవచ్చు. ముందు వాడి చేతిలో మైకు లాక్కోండి.” తలుపు దడాలుమంది. కుర్చీ పడింది. ఎవరో ఎవరినో తిట్టారు. ఆ తర్వాత కొత్త గొంతు, నిద్రమత్తు లేని గొంతు, రేడియోలో ఖంగుమంది.

“దిగకండి. గో అరౌండ్. వెంటనే పైకి లేవండి.”

ఇంజన్ల గర్జన ఫోన్‌ను నింపేసింది. అది పైకి లేస్తున్న చప్పుడో, ఇంకేదో అతనికి అర్థం కాలేదు. చిటపటకు ఏడుపొచ్చింది. శత్రువు ముందు ఏడుస్తున్నందుకు సిగ్గుపడలేదు.

“పైకి లేచిందిరా,” అంది అక్క రిసీవర్లో, మాటలు ముద్దలవుతుంటే. “సరుకు విమానం నెత్తి మీంచి పోయింది. నాకు నిద్రొస్తోంది. నిన్ను మాత్రం వదిలిపెట్టను.”

ముఠా మనుషులను సాయంత్రానికల్లా పట్టుకున్నారు. కొరియర్ వేషగాడు దొరికినప్పుడు కూడా చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. ట్రెండ్ రాణి కళ్లకు కట్లు కట్టించుకుని, తాను మొదటినుంచీ శాఖ మనిషినేనని వాదించింది. ముఠాకు కూడా ‘మీ మనిషినే’ అని చెప్పి ఉంటుందని పెద్దాయన అన్నాడు. ఒప్పందం మీద సంతకాలు మాత్రం సజావుగా జరిగిపోయాయి.

ఆస్పత్రిలో అక్క కళ్లు తెరిచేసరికి మంచం పక్కన తమ్ముడు ఉన్నాడు. వెనక పెద్దాయన ఇస్త్రీ నలగని కోటులో నిలబడ్డాడు.

“మా వాళ్లు ఎలా ఉన్నారు?” అంది ముందు.

“అందరూ బానే ఉన్నారక్కా. ఇంకా పడుకున్నారు.”

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. పట్టుకుని గట్టిగా గిల్లింది. “ఇన్నేళ్లు నా మొహం చూసి ఎలా అబద్ధమాడావురా? ఏదైనా జరిగితే నాకు ఎవడొచ్చి చెప్పేవాడు? నీకు నేనేమీ కానా?”

చిటపట తలొంచుకున్నాడు. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి, అతనికీ తిరిగాయి.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, తప్పు మాది. మీ వాడి పని రహస్యం. మీ ఇంట్లో కూడా ఎవరికీ చెప్పకూడదు.”

“చెప్పను,” అంది అక్క. దిండు సర్దుకుని, ఆయన్ని ఎగాదిగా చూసింది. “వాడికి జీతం ఎంతిస్తారు?”

“అది కూడా రహస్యమేనమ్మా.”

“అంత తక్కువా?”